బాగేపల్లి: పేరు గొడవకు ముందే ఒక పట్టిక

ఆంధ్ర సరిహద్దున, తెలుగు మాట్లాడే బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని 2025 జులైలో నంది కొండ మీద కూడిన కర్ణాటక మంత్రివర్గం నిర్ణయించింది. ఆ మాట ఎప్పుడొచ్చినా బెంగళూరు తెలుగువాళ్లలో మళ్లీ వాదన మొదలవుతుంది. 'పల్లి' తెలుగు మాట, ఊరికి కన్నడ పేరుండాలన్నది మద్దతుదార్ల వాదన. భాగ్యం, నగరం రెండూ సంస్కృతమే, అది వేరే సంగతి. భాగ్యనగరం అనగానే మనకు హైదరాబాదు గుర్తొస్తుంది, అదీ వేరే సంగతే.

కన్నడ ప్రాంతాలన్నీ ఒకే రాష్ట్రమైన 1956 ఏకీకరణ కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. అసలు మలుపు 2002. ప్రాంతీయ అసమానతలపై ఆర్థికవేత్త డి.ఎం.నంజుండప్ప కమిటీ రాష్ట్రంలోని 175 తాలూకాలను 35 సూచికలతో తూచింది. రాష్ట్ర సగటు 1 అనుకుంటే, 114 తాలూకాలు అంతకన్నా కింద తేలాయి. వాటిలో 39 'అత్యంత వెనకబడినవి'. ఈ 39లో 21 ఉత్తరాన ఉన్న కలబురగి డివిజన్‌వే, కాబట్టి తమను పట్టించుకోలేదన్న ఉత్తర కర్ణాటకవాళ్ల ఫిర్యాదు ఉత్తిది కాదు. కానీ బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలోని బాగేపల్లి, అటు పావగడ కూడా అందులోనే ఉన్నాయి.

సాగులో ట్రాక్టర్లెన్ని, లక్ష మందికి పోస్టాఫీసులెన్ని, ఫోన్లెన్ని, బ్యాంకు శాఖలెన్ని, పది వేల మందికి డాక్టర్లెందరు, అక్షరాస్యులెందరు. కమిటీ పట్టికలో గడులన్నీ ఇలాంటివే. నాటకానికి, పాటకు, ఇంట్లో మాట్లాడే భాషకు గడి లేదు.

మా వీధిలో పూలమ్మే బాగేపల్లి పెద్దాయన దగ్గర తత్వకవి కైవారం తాతయ్య పాటల పుస్తకం ఉంది, అట్ట ఊడిపోయి, దారంతో కుట్టినది. లిపి కన్నడం. వేలు పెట్టి చదువుతుంటే వినిపించేది మాత్రం తెలుగు. "తాతా, తెలుగు చదవడం వచ్చా?" అన్నాను. "సదవతానే ఉండా గదప్పా" అని వేలు పక్క పంక్తికి జరిపాడు.

నంజుండప్ప ఎనిమిదేళ్లకు 31,000 కోట్ల ప్రణాళిక సూచించారు. 2012 రాజ్యాంగ సవరణతో 371(జె) అధికరణ వచ్చి, హైదరాబాద్ కర్ణాటకకు, అంటే కలబురగి వైపు జిల్లాలకు, సొంత అభివృద్ధి బోర్డు ఏర్పడింది. అదే వెనకబాటు ముద్ర ఉన్నా సరిహద్దు తెలుగు తాలూకాలు ఆ గీతకు బయటే మిగిలాయి. ఇక్కడివాళ్ల గుండెల్లో మంట అదే. పేరు దాని మీద పడిన నెయ్యి.

ప్రాంతీయ అసమానతలు మళ్లీ తూచమని 2024లో ఎం.గోవిందరావు అధ్యక్షతన ప్రభుత్వం కొత్త కమిటీ వేసింది. అప్పటికి ఊరి పేరు ఇంకా బాగేపల్లే.