పంజరం పిట్టకు నూనెగింజలు చేటు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువారి ఇళ్ల వరండాల్లో బడ్జీలు, కాకటీల్‌లు అనే చిన్న విదేశీ చిలుకలు ఇప్పుడు మామూలే. (రామచిలుకను పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ చెప్పేది విదేశీ జాతుల గురించే.) ఇష్టంగా తింటోంది కదా అని గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలే పోస్తుంటారు. పొట్టు తీసిన ఆ పప్పులో దాదాపు సగం నూనే. కొన్నేళ్లకు ఒక ఉదయం పక్షి పంజరం అడుగున పడి ఉంటుంది. పిల్లిని చూసి జడుసుకుందంటారే గానీ, గుండె దగ్గరి పెద్ద ధమనులు పూడుకుపోయి ఉండొచ్చన్న అనుమానం ఎవరికీ రాదు.

మనం తిన్న కొవ్వు పేగు నుంచి లింఫ్ నాళాల గుండా రక్తంలో కలుస్తుంది. పక్షుల్లో అది పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి చేరుతుంది. పైగా ఒంటికి కావలసిన కొవ్వును ఎక్కువగా తయారుచేసేదీ ఆ కాలేయమే. అందుకే అతి తిండి దెబ్బ ముందు కాలేయానికి తగులుతుంది, తర్వాత రక్తంలో కొవ్వు పెరుగుతుంది. ధమని గోడలో కొలెస్ట్రాల్ పేరుకుని, సున్నం చేరి గట్టిపడుతుంది. ఆడపక్షికి ముప్పు మరీ ఎక్కువ. పచ్చసొన కోసం ఈస్ట్రోజెన్ కాలేయం చేత మరింత కొవ్వు తయారు చేయిస్తుంది.

తప్పంతా తిండిదేనని కాదు. వైట్ కార్నో జాతి పావురాలకు కొలెస్ట్రాల్ లేని మేత పెట్టినా ఈ జబ్బు వస్తుంది, షో రేసర్ పావురాలు తట్టుకుంటాయి. మారెక్స్ వైరస్ సోకిన కోళ్ల ధమనుల్లోనూ ఇలాంటి పూడిక ఏర్పడుతుందని 1978లో ఫాబ్రికాంట్ బృందం చూపింది. కానీ జాతిని మనం మార్చలేం, గిన్నెలో పోసేదాన్ని మార్చగలం.

కోరాపుట్ కొండవాలుల్లో పండే వలిసెలు అనే నూనెగింజలు విదేశాలకు పక్షిమేతగా ఎగుమతి అవుతాయి. వాటిలో నూనె 35-40 శాతం. చలిలో రోజంతా ఎగిరే అడవిపిట్టకు ఆ నూనె అక్కరకొస్తుంది. మన ఎండల్లో, రెక్క విప్పే చోటులేని పంజరంలో కూర్చున్న బడ్జీకి అది బరువే. దానికి సరైన గింజలు మన సంతలోనే దొరుకుతాయి. కొర్రల్లో, సామల్లో కొవ్వు 4 శాతం దగ్గర, చోళ్లలో (రాగుల్లో) 2 శాతం లోపు. బియ్యంగా ఆడించినవి కాదు, పొట్టుతో ఉన్నవే కొనాలి. పొట్టు తీస్తే లోపలి నూనెకు గాలి తగిలి త్వరగా చేదెక్కుతుంది.

బడ్జీకి రోజుకు ఒకటిన్నర నుంచి రెండు చిన్న చెంచాల గింజలు చాలు. పొద్దున మునగాకు, తురిమిన క్యారెట్ పెట్టాలి. గింజల్లో లేని విటమిన్ ఎ వీటి వల్ల అందుతుంది. కాకటీల్‌కు పొద్దుతిరుగుడు గింజలు రోజుకు నాలుగైదు, అవీ చేతితో బహుమానంగా. వారానికి రెండుసార్లు చిటికెడు అవిసె గింజలు కలపండి. వాటిలోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ధమనులకు మేలు చేస్తుందని చిలుకల మీద జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. పకోడీ ముక్క, ఎండుకొబ్బరి వద్దేవద్దు.

మేతను ఒక్కరోజులో మార్చకండి. కొత్త గింజను పక్షి తిండిగా గుర్తించక పస్తు పడుకుంటుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. గిన్నె నిండుగా కనిపించినా పైన ఉన్నది ఉత్త పొట్టే కావచ్చు, రోజూ ఊదిచూడండి. గ్రాముల వంటింటి త్రాసు మీద ప్రతి ఉదయం మేతకు ముందే తూచాలి. బడ్జీ 30-40 గ్రాములుంటుంది. మొదటి బరువులో పదోవంతు తగ్గితే పాత మేతకు వెనక్కి వెళ్లి, నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, రోజూ గదిలో ఎగరనివ్వండి.

కాస్త ఎగరగానే ఒగర్చడం, ఊపిరితో పాటు తోక ఊగడం, పంజరంలో కూర్చునే కర్ర మీద కాలు నిలవకపోవడం, రెక్క వేలాడటం కనిపిస్తే పశువైద్యుడికి చూపించాలి. ఆ స్థితిలో పక్షి ఛాతీ పట్టి బిగించకూడదు. పక్షికి విభాజకపటలం లేదు, ఛాతీ ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గాలి కన్నాలున్న చిన్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, చీకటిగా, కుదుపులేకుండా తీసుకెళ్లండి.