పది లక్షల లైన్లకు తల దువ్వడం

సీ భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్ మధ్యలో ఈ లైన్ కనిపించిందనుకోండి. పేర్లు మన వీలు కోసం తెలుగులో పెట్టాను.

పట్టిక * వరుస;

ఇదేమిటి? 'పట్టిక' ఒక సంఖ్య అయితే ఇది గుణకారం. పట్టికను వరుసతో గుణించి, వచ్చిన జవాబును ఎక్కడా దాచుకోకుండా వదిలేశారన్నమాట. అలా కాకుండా 'పట్టిక' అనేది ప్రోగ్రామర్ అంతకుముందు ఎక్కడో కల్పించుకున్న డేటా రకం పేరైతే, ఇందులో గుణకారమే లేదు. 'వరుస' అనే, మెమరీలో ఇంకో డేటా ఉన్న చోటును చూపే కొత్త పాయింటర్‌ను డిక్లేర్ చేస్తున్నారంతే. అక్షరాలు అవే, మధ్యలో చుక్క గుర్తూ (*) అదే. ఈ ఒక్క లైన్ చూసి ఏది నిజమో చెప్పడం ఎవరి వల్లా కాదు. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు తెలుస్తుందంటే, అది ఈ ఫైలునూ, ఇది కలుపుకున్న ఫైళ్లనూ పైనుంచి చదువుకుంటూ వచ్చింది కాబట్టే.

కోడ్‌ను చక్కగా సర్దిపెట్టే ప్రోగ్రామ్‌కు ఇది పెద్ద చిక్కు. గుణకారమైతే చుక్కకు అటూ ఇటూ ఖాళీ ఉండాలి. పాయింటర్ అయితే చుక్క వెళ్లి 'వరుస'కు అంటుకోవాలి. ఇంత చిన్న ఖాళీ కోసం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రాజెక్టు ఎన్ని ఏర్పాట్లు చేసుకుందో చూస్తే మొదట నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు తగ్గుతుంది.

ఆ ప్రాజెక్టు వయసు తక్కువేం కాదు. 1986లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో పోస్ట్‌గ్రెస్ పేరుతో మొదలైంది. 1996లో ఇప్పటి పేరు వచ్చింది. ఇప్పుడందులో పది లక్షల లైన్లకు పైగా సీ కోడ్ ఉంది. రాసినవాళ్లు వందల మంది, రాసిన కాలం దశాబ్దాలు. అయినా ఏ ఫైలు తెరిచినా ఒకే చేతి రాతలా ఉంటుంది. కర్లీ బ్రాకెట్ తన లైన్‌లో తానొక్కటే నిలబడుతుంది. ట్యాబ్ అంటే నాలుగు గళ్లు. లైన్ వీలైనంతవరకు 79 గళ్లు దాటదు. డిక్లరేషన్లలో పేర్లన్నీ ఒకే నిలువు గీత మీద వరుసకడతాయి. ఇదంతా మనుషుల క్రమశిక్షణ అనుకుంటే పొరపాటు. పీజీఇండెంట్ అనే సాధనం చేసే పని ఇది.

'ఖాళీలు ఎలా ఉంటే ఏమిటి, కంపైలర్ పట్టించుకోదుగా' అనే మాట తరచూ వింటుంటాం. కంపైలర్ పట్టించుకోదు, నిజమే. అసలు ప్రమాదం అక్కడే ఉంది. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో, కంప్యూటర్లలో బయటపడిన ఒక భద్రతా లోపాన్ని ప్రోగ్రామర్లు ఇప్పటికీ 'గోటో ఫెయిల్' అనే పిలుస్తారు. ఒక 'ఇఫ్' షరతు, దాని కింద కాస్త లోపలికి జరిపి 'గోటో ఫెయిల్' అనే లైన్, దాని కిందే, అంతే లోపలికి, మళ్లీ అదే లైన్. చూసేవాడి కంటికి రెండూ షరతు కిందే ఉన్నట్టు కనిపిస్తాయి. యంత్రానికి మాత్రం మొదటిదే షరతు కిందిది. రెండోది షరతుతో పని లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. ఫలితంగా, తాను మాట్లాడుతున్న సర్వర్ అసలైనదో కాదో తేల్చే సంతకం తనిఖీ దగ్గరికి వెళ్లకముందే ప్రోగ్రామ్ బయటికి దూకేసేది. సర్దిపెట్టే సాధనం ఒక్కసారి నడిపి ఉంటే ఆ రెండో లైన్‌ను ఎడమకు లాగి పడేసేది. అప్పుడది ఎవరి కంటికైనా గుచ్చుకునేది. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్ ఇలాంటి మోసపు ఇండెంటేషన్ మీద హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది.

పీజీఇండెంట్ లోపలికి తొంగిచూస్తే, పని చేసేది నిజానికి రెండు ప్రోగ్రామ్‌లు. పైనున్నది పెర్ల్ భాషలో రాసిన తొడుగు. లోపలున్నది బీఎస్‌డీ యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలపు 'ఇండెంట్' అనే ముసలి ప్రోగ్రామ్. దాని సోర్స్ ఫైళ్లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం పేరిట 1976 నాటి కాపీరైట్ ప్రకటన ఇప్పటికీ ఉంది. డేటాబేస్ కంటే దాని కోడ్‌ను దువ్వే దువ్వెన పదేళ్లు పెద్దదన్నమాట!

ఈ ముసలాయన కంపైలర్‌లా ప్రోగ్రామ్ మొత్తం అర్థం చేసుకోడు. ఒక్కో పదం, ఒక్కో గుర్తు చదువుకుంటూ, ఎన్ని బ్రాకెట్లు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టుకుంటూ ముందుకు పోతాడు. వేరే ఫైళ్ల వైపు చూడడు. కాబట్టి 'పట్టిక' అనేది డేటా రకమో కాదో ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. అందుకోసం ప్రాజెక్టులో ఒక ఫైలు ఉంది. కల్పించుకున్న రకాల పేర్లను ఇంగ్లిష్ అక్షర క్రమంలో, లైనుకొకటి చొప్పున పేర్చుకున్న పెద్ద జాబితా అది.

ఆ జాబితా తయారయ్యే తీరు నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన భాగం. పేర్లను సోర్స్ కోడ్ చదివి ఏరరు. కంపైల్ చేశాక వచ్చిన బైనరీ ఫైళ్లలో, తప్పులు వెతకడానికి పనికొచ్చే డీబగ్ సమాచారం ఉంటుంది. ఏ పేరు రకమో, ఏది కాదో అందులో కంపైలరే రాసిపెడుతుంది. దాన్ని తవ్వి పేర్లు తీస్తారు. అయితే విండోస్‌లో కంపైల్ అయ్యే కోడ్ కొంత లినక్స్‌లో కాదు, లినక్స్‌లో అయ్యేది కొంత మరోచోట కాదు. ఒక్క యంత్రం సరిపోదు. అందుకని రకరకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లతో స్వచ్ఛంద సేవకులు నడిపే యంత్రాల మంద ఒకటుంది, దాన్ని బిల్డ్‌ఫామ్ అంటారు. ఆ యంత్రాలు దొరికిన పేర్లన్నీ పంపితే, వాటిని కలిపి జాబితా కూరుస్తారు.

ఇంత చేసినా చిల్లులు మిగులుతాయి. ఏ సిస్టమ్ హెడర్ ఫైల్లోనో (ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చే, ప్రోగ్రామ్‌లు కలుపుకునే ఫైలు) ఎవరో పుణ్యాత్ముడు 'డేట్' అనో, 'స్ట్రింగ్' అనో, 'టైప్' అనో ఒక రకానికి పేరు పెట్టి ఉంటాడు. డేటాబేస్ కోడ్‌లో అవే పేర్లతో మామూలు వేరియబుల్స్ కొల్లలు. జాబితాలోకి అవి దూరితే ప్రతి గుణకారమూ పాయింటర్‌లా కనబడుతుంది. అందుకే ఇలాంటి పేర్లను పక్కన పెట్టమని పీజీఇండెంట్‌లో చేత్తో రాసిపెట్టారు. 'బూల్' లాంటి కొన్నింటినేమో చేత్తోనే కలిపారు. శుద్ధ సిద్ధాంతం కోరేవాళ్లకు ఇది నచ్చదు. పని జరగాలనేవాళ్లకు ఇది చాలు.

పెర్ల్ తొడుగు పని దీనికి ముందూ వెనకా ఉంటుంది. ముసలాయనకు మింగుడుపడని చోట్లను ముందే మారువేషం వేయించి, పని అయ్యాక వేషం విప్పేస్తుంది. రెండు ఏటవాలు గీతలతో మొదలయ్యే కొత్త తరహా వ్యాఖ్యలు కనబడితే వాటిని పాత పద్ధతిలోకి మార్చేస్తుంది. వ్యాఖ్యల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. కోడ్ పక్కన రాసే వివరణల్లో కొందరు గీతలతో, బాణాలతో బొమ్మలు వేస్తుంటారు. సాధనానికి అది బొమ్మని తెలియదు. మామూలు పేరా అనుకుని లైన్లన్నీ కలిపి, 79 గళ్లకు సరిపోయేలా మళ్లీ విరిచి పేరుస్తుంది. చెట్టు బొమ్మ కాస్తా చెత్తకుప్ప అవుతుంది. దీనికి విరుగుడు ఉంది. వ్యాఖ్య మొదట్లోనే అడ్డగీతలు కొన్ని వరుసగా పెడితే, దాని జోలికి పోకూడదని సాధనానికి అర్థమవుతుంది.

కొత్త తరం సాధనాలు వేరే దారి పట్టాయి. క్లాంగ్-ఫార్మాట్ అయితే లైన్‌ను ఎక్కడెక్కడ విరవచ్చో అన్ని చోట్లకూ ఒక్కో జరిమానా వేసుకుని, మొత్తం జరిమానా అతి తక్కువయ్యే దారి వెతుకుతుంది. మోంగోడీబీ డేటాబేస్ వాళ్లు 2015లో తమ సీ ప్లస్ ప్లస్ కోడ్ మొత్తాన్ని దాంతోనే సర్దించారు. గో భాషలోనైతే ఫార్మాట్ చేసే సాధనం భాషతో పాటే వస్తుంది, శైలి మార్చుకునే మీటలు అందులో ఉండవు. వాదనకు తావే లేకుండా చేయడం తెలివైన పనే. కాకపోతే ఆ సౌకర్యం పుట్టుకతో రావాలి. ముప్పై ఏళ్ల చరిత్ర ఉన్న కోడ్‌కు మధ్యలో అతికించడం వేరే కథ.

చరిత్ర అన్నాను చూడండి, అసలు సమస్య అదే. పెద్ద ప్రాజెక్టులో రోజూ చదివేది కోడ్‌ను కాదు, కోడ్‌లోని మార్పులను. ఒకప్పుడు నేను ఒక చిన్న తప్పు సరిచేసి పంపాను, ఒకే ఒక్క లైన్. ఫైలు సేవ్ చేస్తున్నప్పుడు నా ఎడిటర్ చెప్పాపెట్టకుండా ఫైలంతా సర్దేసిందని నేను గమనించలేదు. రివ్యూ చేసే ఆయనకు వందల లైన్ల మార్పు కనిపించింది. 'ఇందులో మీరు మార్చిందేది?' అని ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపారు. సమాధానం వెతకడానికి నాకే చాలాసేపు పట్టింది.

ఇప్పుడిదే పని పది లక్షల లైన్లకు చేస్తే? మొదటి దెబ్బ చేతిలో ఉన్న ప్యాచ్‌ల మీద, అంటే ప్రాజెక్టులో ఇంకా చేరని మార్పుల మీద పడుతుంది. నెలల తరబడి ఎవరో పెంచుకుంటున్న మార్పు, కింద నేల జరిగిపోవడంతో అతకదు. రెండో దెబ్బ పాత వెర్షన్ల మీద. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఏడాదికో పెద్ద వెర్షన్ విడుదల చేసి, ఒక్కోదాన్ని ఐదేళ్లు పోషిస్తుంది. ఈరోజు ఒక తప్పు దొరికితే దాని దిద్దుబాటును ఐదు బ్రాంచ్‌లలోకి, అంటే ఒక్కో వెర్షన్ కోసం విడిగా ఉంచిన కోడ్ శాఖల్లోకి తీసుకెళ్లాలి. ఒక బ్రాంచ్‌లో ఖాళీలు ఒకలా, పక్కదాంట్లో ఇంకోలా ఉంటే ప్రతిసారీ చేత్తో అతుకులు వేసుకోవాలి.

అందుకే చాలా ఏళ్లు వాళ్లు దీన్ని ఏడాదికోసారే చేసేవారు. కొత్త సౌకర్యాలు చేర్చే గడువు ముగిశాక, వచ్చే ఏడాది పని కోసం కొత్త బ్రాంచ్ చీలకముందు. చేతుల్లో ప్యాచ్‌లు అతి తక్కువగా ఉండే సమయం అది. 2017 జూన్‌లో వెర్షన్ 10 కోసం ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల ఇండెంట్ ఆధారంగా తయారైన కొత్త సాధనానికి మారినప్పుడైతే, అన్ని మార్పులూ ఒకే కమిట్‌లో (ఒకేసారి నమోదు చేసే మార్పుల కట్టలో) కుక్కేయలేదు. మూడు దశలుగా విడగొట్టారు. మొదట కొత్త సాధనం తెచ్చిన మామూలు మార్పులు. తర్వాత లైను కుడివైపున ఉండే వ్యాఖ్యల అమరిక. చివర్లో బ్రాకెట్ లోపల విరిగిన లైన్ల సంగతి. పాత సాధనం ఆ లైన్లను కుడి అంచు దాటనివ్వకుండా ఎడమకు నెట్టేది. దాంతో ఒకే ఫంక్షన్ పిలుపులో ఒక లైన్ ఇక్కడా, ఇంకోటి అక్కడా వేలాడేవి. అంచు దాటినా ఫరవాలేదు, తెరిచిన బ్రాకెట్ కిందే నిలబడాలి అని తేల్చారు. నా ఓటు కూడా దానికే.

ఖాళీలు తప్ప ఇంకేమీ మారలేదని నమ్మకమేమిటి? ముందూ తర్వాతా కంపైల్ చేసి, బైనరీలు పోల్చి చూడటం ఒక దారి. అందులోనూ ఒక తిరకాసు ఉంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో తప్పు సందేశం ఇచ్చే ప్రతిచోటా ఆ లైన్ నంబర్ బైనరీలోకి చేరుతుంది. ఒక లైన్ కిందికి జరిగినా బైనరీ మారిపోతుంది, తర్కం మారకపోయినా. పైథాన్ కోసం ఉన్న 'బ్లాక్' అనే సాధనం అక్షరాలను కాక, కోడ్ నిర్మాణాన్ని చెట్టులా చూపే వాక్య నిర్మాణ వృక్షాన్ని ముందూ వెనకా పోల్చుకుంటుంది. ఇంకో పరీక్ష మరీ సులువు. సర్దిన కోడ్‌ను మళ్లీ సర్దమనాలి. రెండోసారి ఒక్క ఖాళీ కదిలినా సాధనంలో తేడా ఉన్నట్టే.

మిగిలింది గిట్ బ్లేమ్. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో, ఏ లైన్ ఎవరు, ఎందుకు రాశారో చెప్పే ఆదేశం అది. సర్దుడు కార్యక్రమం అయ్యాక ఏ లైన్ గురించి అడిగినా 'ఫలానా రోజు సర్దినవాడు' అనే జవాబే వస్తుంది. పదేళ్ల కిందటి కారణం దుమ్ము కింద పడిపోతుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 దీనికి మందు తెచ్చింది. ఫలానా కమిట్‌లను లెక్కలోకి తీసుకోవద్దని ఒక ఫైల్లో రాసిస్తే, వాటిని దాటి వెనక్కి చూస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2021లో అలాంటి ఫైలు పెట్టుకుంది.

2023లో అలవాటే మారింది. ఇండెంట్ సోర్స్‌ను ప్రాజెక్టులోకే తెచ్చేసుకున్నారు. ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందోనన్న గోల పోయింది. (పెర్ల్ ఫైళ్లను సర్దే పెర్ల్‌టైడీకి ఇంకా ఫలానా వెర్షనే వాడాలన్న నిబంధన ఉంది, వెర్షన్ మారితే ఫలితమూ మారుతుంది మరి.) ఏడాదికోసారి తలంటు బదులు, కమిట్ చేసేవాళ్లే ముందుగా దువ్వుకుని రావాలన్నది కొత్త పద్ధతి. బిల్డ్‌ఫామ్ యంత్రాలన్నిటికీ జంతువుల, పక్షుల పేర్లుంటాయి. ఖాళీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే యంత్రం పేరు 'కోయెల్', అంటే మన కోయిలే. తేడా కనబడితే అది కూస్తుంది, అందరికీ వినబడుతుంది.

ఇక ఎవరైనా 'పట్టిక' అనే కొత్త రకం కల్పిస్తూ ప్యాచ్ రాశారనుకుందాం. జాబితా ఫైల్లో ఆ పేరు చేర్చడం మర్చిపోయారు. పీజీఇండెంట్ నడిపితే చుక్క అటూ ఇటూ ఖాళీలతో మధ్యలో తేలుతుంటుంది, గుణకారంలా. అలవాటైన కళ్లు దాన్ని చూడగానే ఏం మర్చిపోయారో చెప్పేస్తాయి. జాబితాలో సరైన చోట ఒక్క పేరు చేర్చి మళ్లీ నడిపితే:

పట్టిక     *వరుస;