క్రిప్టోతో అప్పులు తీరతాయా? కోనసీమలో నేను వినే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో డ్వాక్రా సంఘాలకీ, కౌలు రైతులకీ, గల్ఫ్ వెళ్లినవాళ్ల కుటుంబాలకీ అప్పులు, పొదుపుల గురించి చెప్పడం నా పని. ఈ మధ్య మీటింగ్ అయ్యాక ఎవరో ఒకరు ఆగి, "మేడమ్, బిట్‌కాయిన్‌లో పెడితే మా అప్పు తీరుతుందా?" అని అడుగుతున్నారు. బిట్‌కాయిన్ అంటే కంప్యూటర్లలో మాత్రమే ఉండే డబ్బులాంటిది, ఇలాంటివాటన్నిటినీ కలిపి క్రిప్టో అంటారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పుతో నలిగిపోతున్నవాళ్లే. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: అప్పు తెచ్చి పెట్టినా పర్లేదు, ధర ఎలాగూ పెరుగుతుంది.

పెరిగిన మాట నిజమే. 2021 నవంబరులో బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దగ్గరికి వెళ్లింది. ఏడాది తిరిగేసరికి 16 వేల కిందకి పడింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది. ఓపిగ్గా ఆగినవాళ్లు గట్టెక్కారు. కానీ మన దగ్గర ఆగగలిగేదెవరు? కాలవలకి నీళ్లొదిలితే సార్వా నారుమడికి డబ్బు కావాలి, జూన్‌లోనే పిల్లల ఫీజులు కట్టాలి. ధర పడి ఉన్నా ఆ నెలలోనే అమ్ముకోవాలి. ఆ తర్వాత ఎంత పెరిగినా మనకి రాదు.

వడ్డీ లెక్క కూడా చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే ఏడాదికి 36 వేలు వడ్డీకే పోతుంది. క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, దానిపైన సెస్సు ఉన్నాయి. మీరు కట్టిన వడ్డీని అందులో ఖర్చుగా చూపించుకోనివ్వరు. అంటే ఆ 36 వేలు చేతికి రావాలంటే లక్ష మీద 52 వేల పైచిలుకు లాభం రావాలి. అంత వస్తే మీకు మిగిలేది సున్నా. ఒక కాయిన్‌లో పోయిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోవడం కూడా కుదరదు.

అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంగా తీసుకుని గడువులో కడితే వడ్డీ 4 శాతం, ఏడాదికి 4 వేలు. ఈ 32 వేల తేడా ఏ మార్కెట్ మీదా ఆధారపడదు. నన్నడిగితే మన పేదరికం ఉన్నది ఆ తేడాలోనే.

అపోహ: బ్యాంకు దగ్గరికి రానివ్వని పేదవాడికి క్రిప్టోయే బ్యాంకు.

ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ని చట్టబద్ధమైన డబ్బుగా చేసి, దాన్ని దాచుకునే ఫోన్ యాప్ (వాలెట్) తీసుకున్నవాళ్లకి 30 డాలర్లు ఇచ్చింది. చాలామంది ఆ 30 వాడుకుని ఆపేశారు. 2025 జనవరిలో ఆ దేశమే చట్టం మార్చి, దుకాణాలు బిట్‌కాయిన్ తీసుకోవాలన్న నిర్బంధాన్ని తీసేసింది. ఐతే అర్జెంటీనాలాగా సొంత డబ్బు విలువ కరిగిపోయే చోట డాలర్‌తో ముడిపెట్టిన కాయిన్లు జనానికి నిజంగా పనికొస్తున్నాయి. దాన్ని నేను కాదనను. మన దగ్గర జన్‌ధన్ ఖాతా ఉంది, యూపీఐ ఉంది. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్‌కి బీమా ఉంది. క్రిప్టోకి అది లేదు.

అపోహ: కువైట్ నుంచి డబ్బు పంపడానికి క్రిప్టో చవక.

కమిషన్ కోసుకుపోతుందన్న బాధ నాకు తెలుసు. ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన డబ్బు అది. కానీ చెల్లింపులకీ పెట్టుబడికీ క్రిప్టో వాడకాన్ని కువైట్ 2023లో నిషేధించింది. అక్కడ పట్టుబడితే ఇంట్లో పనికి వెళ్లిన మన ఆడకూతురి తరఫున మాట్లాడేవాళ్లెవరు?

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. కాయిన్లు నేరుగా ఎవరికైనా అమ్మితే ముక్కూ మొహం తెలియనివాళ్ల ఖాతా నుంచి మీకు డబ్బు పడుతుంది. అది ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బైతే పోలీసులు మీ ఖాతాని ఫ్రీజ్ చేయిస్తారు. తప్పు మీది కాకపోయినా అది తెరిపించుకునేదాకా టెన్షన్, తిరుగుళ్లు మీవే. దానికన్నా కువైట్‌లో డబ్బు పంపే ఎక్స్ఛేంజీలు రెండు మూడింట్లో దినారుకి రేటెంతో, కమిషనెంతో కనుక్కుని పంపమనండి.

అపోహ: రోజుకి ఒక శాతం ఇచ్చే యాప్ కూడా క్రిప్టోయే.

కాదు, మోసం. డబ్బు తీసుకోవాలంటే "ముందు ట్యాక్స్ కట్టండి" అంటుంది. ఆదాయపు పన్ను ఏ యాప్‌కీ కట్టేది కాదు. ఇంకో రూపాయి పంపకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: భూమి రికార్డులు బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కితే కౌలు రైతుకి అప్పు పుడుతుంది.

బ్లాక్‌చెయిన్ అంటే బిట్‌కాయిన్ లెక్కలు రాసే కంప్యూటర్ పద్దులాంటిది. అది రాసినదాన్ని చెరపనివ్వదు, అంతవరకే. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట మీద నడిచే కౌలుని అసలు ఎవరూ రాయడమే లేదు. మన రాష్ట్రంలోని 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం, బ్యాంకు అప్పుకి పనికొచ్చే కౌలు కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి. కార్డు 11 నెలలకే, యజమాని హక్కుకి దానివల్ల ఏమీ కాదు. ఈ మాట యజమానికి చెప్పండి, వీఆర్వో చేత చెప్పించండి. అయినా సంతకం పెట్టకపోతే నలుగురైదుగురు కౌలు రైతులు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా (ఒకరి అప్పుకి అందరూ పూచీ ఉండే జట్టుగా) ఏర్పడి బ్యాంకుకి వెళ్లండి. దానికి భూమి కాగితాలు అక్కర్లేదు.