హెచ్‌ఎం గదికీ తరగతి గదికీ మధ్య దూరం ఎలా పెరిగింది

సంక్రాంతికో వేసవి సెలవులకో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతుంటాయి. అక్కడ మైకు అందుకున్నవాళ్ళు తమ హెడ్మాస్టరు (హెచ్‌ఎం) గురించి చెప్పే మాటలు వినండి. ఆయన హయాంలో పదో తరగతి ఫలితాలు ఎంత శాతం వచ్చాయో ఎవరికీ గుర్తుండదు. పరీక్ష ఫీజు తన జేబులోంచి కట్టారనీ, రెండు రోజులు బడికి రాకపోతే ఇంటికొచ్చి అడిగారనీ, కొత్తగా చేరిన లెక్కల మాస్టారికి ఊళ్ళో అద్దె ఇల్లు చూసిపెట్టారనీ చెబుతారు. ఈ పనులేవీ ఆయన విధుల జాబితాలో లేవు. చేయకపోయినా మెమో వచ్చేది కాదు. పిల్లలతోనూ తోటి ఉపాధ్యాయులతోనూ అనుబంధాన్ని ఇలా ఒక మనిషి మంచితనానికి వదిలేయడం వెనుక రెండు వందల ఏళ్ళ కథ ఉంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన పాలనలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన జవాబు తెలుగు, కన్నడ వీధి బడులను కళ్ళకు కడుతుంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు వచ్చిన వరుసను బట్టి దెబ్బలు పెరిగేవి. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చదువు చెప్పేవారు. పంతులు బతుకు పిల్లల తల్లిదండ్రులు ఇచ్చేదాని మీదే ఆధారపడేది కాబట్టి ఆయన జవాబు చెప్పుకోవలసింది ఆ ఊరికే. అలాగని ఆ బడిని ఆకాశానికెత్తలేం. దూలానికి వేలాడదీసే కోదండం, ఆపకుండా తీయించే గుంజీలు కూడా అదే నివేదికలో ఉన్నాయి. ఆడపిల్లలు అరవై మందే. దళితుల పిల్లల్లో చాలామందికి ఆ అరుగు ఎక్కే వీలు లేదు. అనుబంధం ఉన్నది నిజమే గానీ అది కొందరికే.

1854 నాటి విద్యా విధానంతో పరిస్థితి తలకిందులైంది. విద్యాశాఖ ఏర్పడింది, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, గ్రాంట్లు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో చాలాకాలం ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు ఎంతమంది పిల్లలు సరిగా అప్పజెబితే బడికి అంత డబ్బు. అప్పటిదాకా ఊరివైపు తిరిగి కూర్చున్న పంతులు, ఇన్‌స్పెక్టరు వచ్చే దారి వైపు తిరగక తప్పలేదు. నా లెక్కలో అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, పథకాలు మారాయి, కుర్చీ మాత్రం ఆ వైపే ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే ఎదురీదినవాళ్ళూ లేకపోలేదు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి, సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తాను నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకుని, వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. బడి భాషకూ ఇంటి భాషకూ మధ్య దూరం ఎంతో ఆయనకు అర్థమైంది అక్కడే అని నేను నమ్ముతాను. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆడపిల్లలకూ దళిత విద్యార్థులకూ తలుపులు తెరిచారు. ఇద్దరినీ గురువులుగా కొలుస్తాం. వాళ్ళు చేసిన పనిని ఉద్యోగంలో భాగం చేయడం మాత్రం మనకు తోచలేదు.

1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రాథమిక బడులు సమితుల కిందికి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుల కిందికి వెళ్ళాయి. 1964-66 కొఠారి కమిషన్ ఒక మంచి ఆలోచన ముందుకు తెచ్చింది: ఒక హైస్కూలును, దాని చుట్టుపక్కల ప్రాథమిక బడులను కలిపి స్కూల్ కాంప్లెక్స్ చేయాలి, ఒకరికొకరు సాయపడాలి. 1984లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కూడా ఇలాంటిదే. దగ్గరి బడుల టీచర్లు క్రమం తప్పకుండా ఒకచోట చేరి, తాము తయారుచేసిన బోధన సామగ్రిని, పిల్లలు చేసిన పనులను ఒకరికొకరు చూపించుకోవడం అందులో ముఖ్యమైన భాగం. నిన్న నా తరగతిలో ఏది కుదరలేదో పక్క బడి టీచరుతో చెప్పుకునే చోటు ఉండటం చిన్న సంగతి కాదు. కాలం గడిచేకొద్దీ కాంప్లెక్స్ సమావేశం సర్క్యులర్లు చదివి వినిపించి, ప్రొఫార్మాలు నింపించుకునే చోటుగా మారిపోయింది. పేరు అదే ఉంది, పని మారింది.

హైస్కూలు హెచ్‌ఎం ఎలా అవుతారో చూస్తే ఈ కథ ఇంకా బాగా అర్థమవుతుంది. స్కూల్ అసిస్టెంటుకు సీనియారిటీ ప్రకారం పదోన్నతి వస్తుంది. దానికి ముందు గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు పాసవ్వాలి. వీటిలో అడిగేది విద్యాశాఖ నియమాలు, సర్వీసు నిబంధనలు, పద్దుల లెక్కలు. ఇవి అక్కర్లేదని కాదు. జీతాల బిల్లు ఆగితే స్టాఫ్‌రూమ్ మొత్తం ఇబ్బంది పడుతుంది. కానీ ఇరవై ఏళ్ళు తరగతిలో గడిపిన మనిషికి ఒక్కసారిగా పాతికమంది తోటి టీచర్లను నడిపించే బాధ్యత వస్తుంది. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చుని టీ తాగిన స్నేహితుడికి ఈరోజు ఆలస్యంగా వచ్చావని ఎలా చెప్పాలి? ఇద్దరు టీచర్ల మధ్య గొడవ పిల్లల దాకా పాకకుండా ఎలా చూడాలి? తొమ్మిదో తరగతి పిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే ఎవరు, ఎలా అడగాలి? ఈ ప్రశ్నలు ఆ పరీక్షల్లో రావు.

దీనికి తోడు ఇన్‌చార్జి బాధ్యతలు. ప్రభుత్వ, పంచాయతీరాజ్ టీచర్ల మధ్య ఉమ్మడి సర్వీసు నిబంధనల వివాదం కోర్టుల్లో నలిగినన్నాళ్ళూ మండల విద్యాధికారి (ఎంఈవో) పోస్టులు సరిగా నిండలేదు. ఆ పని హెచ్‌ఎంల నెత్తిన పడింది. ఒక హెచ్‌ఎం తన బడినీ చూసుకుంటూ మండలం మొత్తాన్నీ మోయాలంటే, ప్రార్థన వేళకు గేటు దగ్గర నిలబడి పిల్లల ముఖాలు చూసే తీరిక ఎక్కడిది? ఆ హెచ్‌ఎంలను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కుర్చీని మళ్ళీ ఊరివైపు తిప్పాలని చూసింది. 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కోదండం నాటి చరిత్రకు చట్టం ఇచ్చిన జవాబు అది. 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావడం టీచరు విధి అని 24వ సెక్షన్ చెప్పింది. జాతీయ స్థాయిలో 2012లో పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. 2019లో కేంద్ర ప్రభుత్వ ‘నిష్ఠ’ శిక్షణ టీచర్లతో పాటు హెచ్‌ఎంలకూ మొదలైంది. అదే కాలంలో యాప్‌లూ పెరిగాయి. హాజరు, భోజనం, గుడ్లు, మరుగుదొడ్లు, అన్నీ ఫోన్లోకి ఎక్కాయి. పాత ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు, యాప్ రోజూ వస్తుంది.

2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడులన్నింటిలో ఒకేరోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. చట్టం అడిగిన పని అంత పెద్ద ఎత్తున కనిపించడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. ఏడాదికి ఒకటి రెండు రోజుల పండుగతో ఇది ఆగకూడదని నా కోరిక. పదోన్నతి జాబితాలో పేరున్న స్కూల్ అసిస్టెంటును, కుర్చీ ఎక్కేముందు మూడు నెలలు ఒక మంచి హెచ్‌ఎం పక్కన కూర్చోబెట్టాలి. బిల్లులు ఎలా చేయాలో ఆఫీసు గుమస్తా ఎలాగూ నేర్పుతాడు. బడికి రాని పిల్ల ఇంటి తలుపు ఎలా తట్టాలో ఆ హెచ్‌ఎం వెంట నడిచి నేర్చుకోనివ్వండి.