పెరిక్లీస్ కొడుకు పౌరుడేనా?

ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్‌లో క్రీ.పూ. 451 దాకా తండ్రి పౌరుడైతే చాలు, కొడుకూ పౌరుడే. ఆ ఏడాది నగర నాయకుడు పెరిక్లీస్ ప్రతిపాదించిన చట్టంతో లెక్క మారింది. తల్లి కూడా ఏథెన్స్ పౌరుడి కూతురై ఉండాలి. పౌరుల సంఖ్య మరీ పెరిగిపోయిందనే ఈ చట్టం తెచ్చారని అరిస్టాటిల్ పేరున్న గ్రంథం చెబుతుంది. పౌరుడంటే సభలో ఓటు, జ్యూరీలో కూర్చుంటే కూలి, భూమి కొనే హక్కు. పంచుకునేవాళ్లు ఎక్కువైతే వాటా తగ్గుతుందన్న భయం నాకైతే ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

పరీక్ష కూడా గట్టిదే. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాణ్ని అతని డీమ్ వాళ్లు, అంటే ఊరివాళ్లో పేటవాళ్లో, ప్రమాణం చేసి మరీ ఓటేసి జాబితాలో ఎక్కించేవారు. వయసు నిండిందా, స్వతంత్రుడేనా, పుట్టుక చట్టప్రకారమేనా అని చూసేవారు. స్వతంత్రుడు కాదని తేలిస్తే కోర్టుకెళ్లొచ్చు. అక్కడా ఓడితే బానిసగా అమ్మేసేవారు! ఆ తర్వాత పెద్ద పదవి వచ్చినా మళ్లీ అవే ప్రశ్నలు: నీ తండ్రి ఎవరు, ఏ డీమ్? తల్లి ఎవరు, ఆమె తండ్రి ఎవరు? ఓటు లేని ఆ తల్లి పుట్టుక మీదే కొడుకు ఓటు ఆధారపడింది.

ఈ చట్టం చివరికి పెరిక్లీస్ ఇంటికే వచ్చింది. ఆయనతో కలిసి బతికిన అస్పాసియాది మిలెటస్ అనే వేరే గ్రీకు నగరం. కాబట్టి వాళ్ల కొడుకు పౌరుడు కాడు. క్రీ.పూ. 430లో మొదలైన మహమ్మారి, పెరిక్లీస్‌కు భార్య వల్ల కలిగిన ఇద్దరు కొడుకులనీ తీసుకుపోయింది. వంశం నిలవాలి, ఈ ఒక్కణ్నీ పౌరుడిగా ఒప్పుకోండని పెరిక్లీస్ అడిగాడు. జనం జాలిపడి సరేనన్నారు. ఆ కుర్రాడికి తండ్రి పేరే ఉంది.

చిన్న పెరిక్లీస్ పెద్దవాడై సేనానిగా ఎన్నికయ్యాడు. క్రీ.పూ. 406లో ఆర్గినుసే దీవుల దగ్గర స్పార్టా నౌకాదళాన్ని ఓడించినవాళ్లలో అతనూ ఒకడు. మనుషులు చాలక ఓడలకు తెడ్లు వేయడానికి బానిసలనూ దింపారు. వాళ్లకు స్వేచ్ఛ, పౌరసత్వం దక్కాయి. సేనానుల గతి వేరు. తుఫాను వల్ల మునిగిన ఓడల వాళ్లను కాపాడలేకపోయారు. సభ మండిపడి అందరికీ కలిపి ఒకే ఓటుతో తీర్పు చెప్పేసింది. విడివిడిగా విచారించాలని చట్టం చెబుతోందని, ఆరోజు సభ నడిపే మండలి సభ్యుల్లో ఒకడైన సోక్రటీస్ అడ్డం తిరిగినా వినలేదు. ఏథెన్స్‌కు తిరిగొచ్చిన ఆరుగురికీ మరణశిక్ష పడింది. చిన్న పెరిక్లీస్ వాళ్లలో ఉన్నాడు.

స్పార్టాతో యుద్ధం సాగిన కాలంలో పెరిక్లీస్ పౌరసత్వ చట్టం సడలింది. క్రీ.పూ. 403లో ప్రజాస్వామ్యం మళ్లీ నిలదొక్కుకోగానే ఏథెన్స్ దాన్ని తిరిగి బిగించింది. అంతకుముందు పుట్టినవాళ్ల జోలికి మాత్రం పోలేదు.