రిపోర్టులో మూడో లైను

మా చిన్నమ్మది మదనపల్లి. పోయిన ఏడు రొమ్ములో చిన్న గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని రెండు నెలలు ఊరికే ఉండిపోయింది, తర్వాత చిన్నాయన గట్టిగా పట్టుబడితే బెంగళూరొచ్చి మా ఇంట్లో దిగింది. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు ఇంటికి ఎన్ని ఫోన్లొచ్చాయో లెక్కలేదు, అందరూ అడిగింది మాత్రం ఒకటే, "ఏ స్టేజీ అంట?" అని. స్టేజీ అడగడంలో తప్పు లేదు, కానీ ఆ కాగితం కింద మూడు లైన్లున్నాయి, ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్, హెర్2 3 ప్లస్ అని, వాటి గురించి ఒక్కరూ అడగలేదు. చిన్నమ్మకి ఏ మందు ఎక్కించాలి, ఎన్ని నెలలు ఎక్కించాలి అన్నదాంట్లో పెద్ద మాట ఆ మూడో లైనుదే.

నేను బొమ్మసంద్ర వైపు ఒక బయోటెక్ కంపెనీలో సెల్ కల్చర్, అంటే కణాలు పెంచే పని చేస్తా, ఇలాంటి మందులు ఎట్లా తయారవుతాయో రోజూ చూసే పనే, అయినా ఆ రాత్రి చిన్నమ్మ "హెర్2 అంటే ఏం నాయనా" అని అడిగితే నోట మాట రాలేదు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నా.

మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ కొవ్వుతో చేసిన పల్చటి గోడ ఉంటుంది. బయటినుంచి వచ్చే కబుర్లలో చాలా ప్రోటీన్లే, అవి ఆ కొవ్వు గోడ దాటి లోపలికి పోలేవు. అందుకని గోడలో గుచ్చినట్టు కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, ఒక కొస బయటికి ఇంకో కొస లోపలికి, వీటినే రిసెప్టర్లు అంటాం. స్కూల్లో దీన్ని బీగం, బీగంచెవి అని చెప్తారు గానీ నాకా పోలిక నచ్చదు, ఎందుకంటే బీగం తీస్తే మనిషి లోపలికొస్తాడు, ఇక్కడ వచ్చినోడు లోపలికి రాడు. కాలింగ్ బెల్ అనుకోండి. వచ్చినోడు బయట బటన్ నొక్కుతాడు, మోత లోపల మోగుతుంది, మోగాక లోపలున్నవాళ్ళు చేయాల్సింది చేస్తారు. హెర్2 అంటే ఇలాంటి బెల్లే, దాని కుటుంబంలో అయితే బటన్ నొక్కగానే పక్కపక్కనున్న రెండు రిసెప్టర్లు జత కడతాయి, లోపలి కొసలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి, ఆ ఫాస్ఫేట్ చూసి ఇంకో ప్రోటీన్ కదులుతుంది, దాన్ని చూసి ఇంకోటి, అట్లా చేతులు మారి మారి కబురు న్యూక్లియస్ దాకా పోతుంది. కబురు ఏంటంటే పెరుగు, రెండుగా చీలు అని.

(ఇక్కడే ఒక మాట, రిపోర్టులో మొదటి రెండు లైన్లు, ఈఆర్ పీఆర్, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ల రిసెప్టర్లు, ఇవి గోడ మీదుండే బెల్లులు కావు. ఈస్ట్రోజెన్ కొవ్వులో కరిగే రకం కాబట్టి నేరుగా గోడ దాటి లోపలికి పోతుంది, దాని రిసెప్టర్ ఎక్కువగా లోపలే ఉంటుంది. అందుకే వాటికి టామోక్సిఫెన్ లాంటి మాత్రలు, హెర్2 కి వేరే దారి.)

ఈ బెల్లుల కథ మొదలైంది క్యాన్సర్ దగ్గర కాదు, ఎలుక పిల్లల కళ్ళ దగ్గర. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే ఆయన ఎలుకల లాలాజల గ్రంథుల రసం తీసి అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఇస్తే, మామూలుగా రెండు వారాలకి తెరుచుకోవాల్సిన కళ్ళు దాదాపు వారానికే తెరుచుకున్నాయి, పళ్ళు కూడా ముందే వచ్చేశాయి. వేరే పని మీద ఉన్న మనిషి, ఇదేదో తేడాగా ఉందే అని పక్కన పడేయకుండా దాని వెంటపడి 1962లో ఆ పదార్థాన్ని వేరు చేశాడు, అది 53 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్, దాన్నే ఈజీఎఫ్ అంటున్నాం. అది నొక్కే బెల్లు ఈజీఎఫ్ఆర్, హెర్2 ది కూడా ఇదే కుటుంబం. 1986లో రీటా లెవి-మోంటాల్చినితో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది. ఎలుక పిల్ల కంటి రెప్ప మీద అంత శ్రద్ధ పెట్టకపోయుంటే ఈ రోజు ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్రలు ఎంత ఆలస్యమయ్యేవో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఇప్పుడు ఈ బెల్లు ఎట్లా చెడుతుందో చూద్దాం. ఒక్కోసారి బటన్ ఇరుక్కుపోతుంది, బయట ఎవరూ లేకున్నా లోపల మోగుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కొన్నిట్లో ఈజీఎఫ్ఆర్ జీన్ లో చిన్న ముక్క ఊడిపోవడమో, 858వ చోట ఒక అమైనో ఆమ్లం మారిపోవడమో జరుగుతుంది, అంతే, ఆపకుండా మోత. ఈ మార్పు ఆసియా దేశాల వాళ్ళలో, అందులోనూ బీడీ సిగరెట్ ముట్టని ఆడవాళ్ళలో ఎక్కువ కనపడుతుంది, "మా అమ్మ జన్మలో పొగ తాగలేదు, ఆమెకెందుకొచ్చింది" అని గుండెలు బాదుకునే వాళ్ళకి జవాబులో కొంత భాగం ఇక్కడుంది.

చిన్నమ్మది ఇంకో రకం. ఆమె బెల్లు పాడవలేదు, బెల్లులు మరీ ఎక్కువైపోయాయి. హెర్2 జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మామూలు కణంలో రెండే కాపీలు, ఈ రకం క్యాన్సర్ లో అవి పదులకి పోతాయి. కాపీలు పెరిగితే ప్రోటీనూ పెరుగుతుంది, మామూలు కణం మీద వేలల్లో ఉండాల్సిన రిసెప్టర్లు ఇరవై లక్షల దాకా పోవచ్చు. ల్యాబులో గడ్డ ముక్కకి రంగు పట్టించి ఈ రిసెప్టర్లు ఎంతున్నాయో 0 నుంచి 3 ప్లస్ దాకా లెక్క వేస్తారు, 3 ప్లస్ అంటే పాజిటివ్. పైగా ఈ హెర్2 కి ఒక వింత గుణం, దీని బటన్ నొక్కే పదార్థం ఇదీ అని ఇంతవరకు ఏదీ దొరకలేదు, ఇది ఎప్పుడూ పక్కవాళ్ళతో జత కట్టడానికి సిద్ధంగా చేయి చాపుకొనే ఉంటుంది. గోడంతా ఇవే కిక్కిరిసి ఉంటే ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి నొక్కేవాడు లేకుండానే మోగుతాయి.

దీన్ని పట్టుకున్నది 1987లో, కాలిఫోర్నియా యూనివర్సిటీలో డెన్నిస్ స్లామన్ బృందం. 189 మంది రొమ్ము గడ్డలు తీసి చూస్తే దాదాపు 30 శాతంలో ఈ జీన్ కాపీలు పెరిగి ఉన్నాయి, ఆ పెరిగిన వాళ్ళకే జబ్బు త్వరగా తిరగబెట్టింది, వాళ్ళే త్వరగా పోయారు. (ఇప్పటి లెక్కల్లో ఈ వాటా 15 నుంచి 20 శాతం అంటున్నారు.) అంటే ఆ రోజుల్లో హెర్2 పాజిటివ్ అంటే చెడ్డ కబురు. మరి అదే బెల్లు బయటికి కనపడేలా గోడ మీద ఉంది కదా, బయటినుంచే మూసేస్తే? ఆ ఆలోచనతో ఎలుకలో తయారైన యాంటీబాడీ (ఒక లక్ష్యాన్నే వెతికి పట్టుకునే ప్రోటీన్) ఒకటి తీసుకొని, మన ఒళ్ళు దాన్ని పరాయిదని తరిమేయకుండా చాలాభాగం మనిషి యాంటీబాడీలా మార్చి, ట్రాస్టుజుమాబ్ చేశారు. 1998 సెప్టెంబర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2005లో, ఆపరేషన్ అయిన వాళ్ళకి కీమోతో పాటు దీన్నీ ఇచ్చిన పెద్ద ట్రయల్స్ ఫలితాలొచ్చాయి, జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. చెడ్డ కబురుగా ఉన్న రిపోర్టు లైను, మందు ఉన్న లైనుగా మారిపోయింది. నాకు ఈ సైన్స్ లో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

ఈ యాంటీబాడీ రెండు పనులు చేస్తుంది. బటన్ మీద టేపు అంటించినట్టు రిసెప్టర్ని పట్టుకొని మోత తగ్గిస్తుంది, ఇంకా దాని తోక బయటికి నిలబడి ఉంటుంది కాబట్టి మన రక్షక కణాలు ఆ తోక చూసి ఇక్కడేదో ఉందని వచ్చి దాడి చేస్తాయి. 2012లో వచ్చిన పెర్టుజుమాబ్ హెర్2ని ఇంకో చోట పట్టుకొని అసలు జత కట్టనీయదు, అందుకే కొందరికి రెండూ కలిపి ఇస్తారు.

మా పని ఇక్కడే మొదలవుతుంది. ట్రాస్టుజుమాబ్ లాంటి పెద్ద ప్రోటీన్ని మాత్రల మందులాగా కెమికల్స్ కలిపి చేయలేం, బతికున్న కణంతో చేయించాల్సిందే. ఆ కణాలు 1957లో ఒక చైనీస్ హామ్‌స్టర్ అండాశయం నుంచి తీసినవాటి సంతానం, ఆ చిన్న జంతువు ఎప్పుడో పోయింది, కణాలు మాత్రం లోకమంతా ఫ్యాక్టరీల్లో ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. వాటిలోకి యాంటీబాడీ జీన్ ఎక్కించి, పెద్ద స్టీలు ట్యాంకుల్లో 37 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ చూసుకుంటూ, గ్లూకోజ్ పోసుకుంటూ, చంటిపిల్లని చూసినట్టు రెండు వారాలు చూసుకోవాలి. రాత్రి రెండింటికి పీహెచ్ కాస్త అటూ ఇటూ అయినా అలారం మోగుతుంది, పరిగెత్తాలి. ఆ తర్వాత కణాలు తీసేసి ఆ ద్రవాన్ని ప్రోటీన్-ఏ ఉన్న కాలమ్ (గొట్టం) గుండా పంపిస్తే యాంటీబాడీ ఒక్కటే అతుక్కుంటుంది, దాన్ని కడిగి తీసుకోవాలి, ఇంకా ఎన్నో వడపోతలు. ఈ మందు ఎందుకంత ఖరీదు అని అడిగేవాళ్ళకి ఇది సగం జవాబు, మిగతా సగం పేటెంట్లు.

ఆ ఖరీదు తగ్గించే పనిలో బెంగళూరుకి పేరుంది. 2006లోనే ఇక్కడి బయోకాన్ క్యూబా వాళ్ళతో కలిసి నిమోటుజుమాబ్ అనే ఈజీఎఫ్ఆర్ యాంటీబాడీని తల, మెడ క్యాన్సర్లకి తెచ్చింది, గుట్కా నమిలే మన దేశంలో ఆ క్యాన్సర్లు ఎంతగా ఉన్నాయో హోసూరు రోడ్డులో కిద్వాయ్ ఆసుపత్రి ముందు పొద్దున్నే నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది, అక్కడ కన్నడ ఎంత వినపడుతుందో అనంతపురం, చిత్తూరు తెలుగూ అంత వినపడుతుంది. 2014లో అదే కంపెనీ ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ (అసలు మందుకి బాగా దగ్గరగా ఇంకో కంపెనీ చేసే మందు) మన దేశంలో విడుదల చేసింది, 2017 డిసెంబర్లో అమెరికా కూడా దానికి అనుమతిచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రాస్టుజుమాబ్ని అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధర దిగింది, అయినా మదనపల్లిలో టమోటా పండించే ఇంటికి ఇప్పటికీ అది చిన్న మొత్తం కాదు, ఆ మాట దాచడం ఎందుకు.

బయటినుంచి టేపు వేయడం ఒక దారి అయితే లోపల తీగ కత్తిరించడం ఇంకో దారి. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి మాత్రలు చిన్న అణువులు కాబట్టి గోడ దాటి లోపలికి పోయి ఈజీఎఫ్ఆర్ లోపలి కొసలో ఫాస్ఫేట్ తగిలించే పనిని ఆపేస్తాయి. ఈ మాత్ర మొదట్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్ళందరికీ ఇస్తే కొందరికే అద్భుతంగా పని చేసేది, ఎందుకో తెలీదు, 2004లో తెలిసింది, ఆ కొందరివి ఇరుక్కుపోయిన బటన్లు అని. ఇప్పుడు ముందు టెస్టు తర్వాత మాత్ర. కానీ క్యాన్సర్ ఊరికే కూర్చోదు, కొన్ని నెలలకి 790వ చోట ఇంకో మార్పు తెచ్చుకొని మాత్రని అతుక్కోనీయకుండా చేస్తుంది, దాని కోసం 2015లో ఒసిమెర్టినిబ్ వచ్చింది, దానికీ దారి వెతుక్కుంటుంది. పెద్దపేగు క్యాన్సర్ లో ఇంకో చిక్కు, బెల్లు బాగానే ఉంటుంది, లోపల కబురు మోసే కేరాస్ అనే ప్రోటీన్ తీగ దగ్గరే షార్ట్ అయి ఉంటుంది, దాదాపు 40 శాతం మందిలో అంతే. అలాంటప్పుడు బయట ఈజీఎఫ్ఆర్ బటన్ మీద సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీ టేపు ఎంత అంటించినా ఏం లాభం, మోత లోపలినుంచే కదా. అందుకే ఆ మందు రాసే ముందు కేరాస్ టెస్టు చేస్తారు.

ఇంకా కొత్తగా, మోత ఆపడం పక్కనపెట్టి ఆ బెల్లునే అడ్రసుగా వాడుకునే మందులొచ్చాయి. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనేదాంట్లో ఒక్కో యాంటీబాడీకి దాదాపు ఎనిమిది విషపు అణువులు కట్టి పంపుతారు, కణం ఆ యాంటీబాడీని రిసెప్టర్తో సహా లోపలికి లాక్కుంటుంది, లోపల కట్లు తెగి విషం బయటపడుతుంది, పక్క కణాలకి కూడా కొంచెం పాకుతుంది. దీనికి గోడ నిండా బెల్లులుండాల్సిన పని లేదు, కొన్ని ఉన్నా చాలు. 2022లో హెర్2 తక్కువున్న వాళ్ళకి కూడా, అంటే 1 ప్లస్ వాళ్ళకి, 2 ప్లస్ ఉండి జీన్ పెరగని వాళ్ళకి, జబ్బు వేరే చోట్లకి పాకినప్పుడు వాడేందుకు అమెరికాలో అనుమతిచ్చారు. అంతకుముందు వీళ్ళందరి రిపోర్టుల్లో నెగటివ్ అనే రాసేవాళ్ళు. 2024 జులై బడ్జెట్లో మన కేంద్రం కస్టమ్స్ సుంకం తీసేసిన మూడు క్యాన్సర్ మందుల్లో ఇదొకటి, ఒసిమెర్టినిబ్ ఇంకోటి, మూడోది దుర్వాలుమాబ్, అది క్యాన్సర్ కణం మీదుండే పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ని పట్టుకుంటుంది, మన రక్షక కణాల మీదుండే "ఆగు" అనే బెల్లుని క్యాన్సర్ నొక్కకుండా చూస్తుంది. మూడింటి పనీ కణం గోడ మీది ప్రోటీన్లతోనే.

మళ్ళీ చిన్నమ్మ దగ్గరికొస్తా. మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ డ్రిప్, మొత్తం ఒక ఏడాది. రెండేళ్ళు ఇస్తే ఇంకా మంచిదేమో అని చిన్నాయన అడిగాడు, ట్రయల్లో రెండేళ్ళు ఇచ్చి కూడా చూశారు, ఏడాది కంటే ఎక్కువ లాభమేం రాలేదు. కీమోకి జుట్టు పోయింది, యాంటీబాడీ ఒక్కటే ఎక్కించడం మొదలయ్యాక మళ్ళీ వచ్చింది. మూడు నెలలకోసారి గుండెకి ఎకో తీస్తున్నారు, "గడ్డ రొమ్ములో ఉంటే గుండెకెందుకు ఈ పరీక్ష" అని ఆమె ప్రతిసారీ అడుగుతుంది. గుండె కండరాల కణాలు కూడా దెబ్బ తగిలినప్పుడు కోలుకోవడానికి ఇదే హెర్2 బెల్లు వాడుకుంటాయి, మందుకి ఏది క్యాన్సర్ బెల్లు ఏది గుండె బెల్లు అని తెలీదు, అందుకే కొందరికి గుండె పంపింగ్ తగ్గుతుంది, ముందే కనిపెట్టి మందు ఆపితే చాలామందికి మళ్ళీ సర్దుకుంటుంది. ఎకో మానుకోకూడదు. ఆమెకి ఇప్పటిదాకా బాగానే ఉంది.

పోయిన ఆదివారం మా వంటింట్లో కూర్చొని ఫోన్లో మాట్లాడుతోంది, ఊర్లో వాళ్ళ పక్కింటి కోడలికి కూడా గడ్డ అంట. ఏ స్టేజీ అని అడగలేదు, "కాగితంలో కింద మూడు లైన్లుంటాయి సూడు, మూడోది చదువు" అంటోంది. అట్నుంచి 2 ప్లస్ అన్నారు. 2 ప్లస్ అంటే రంగు చూసి తేల్చలేం, జీన్ కాపీలే లెక్కపెట్టాలి, దానికి ఫిష్ అని టెస్టు ఉంది, మెరిసే చుక్కలుగా కనపడే జీన్లని మైక్రోస్కోపులో ఒక్కో కణంలో లెక్కేస్తారు. చిన్నమ్మ ఫోన్ నాకిచ్చింది, నేను ఆ పేరు రెండుసార్లు స్పష్టంగా చెప్పి రాసుకోమన్నా. సోమవారం శాంపిల్ పంపించారు, రిపోర్టు ఇంకా రాలేదు.