షోగీ క్యాసెట్లు: అపోహలు - వాస్తవాలు

పాత జపాన్ వీడియో గేమ్ కన్సోళ్లలో షోగీ ఆడతానంటే నాకు తరచూ ఎదురయ్యే మాటలివి.

అపోహ: షోగీ అంటే జపాన్ చెస్సే కదా, చెస్ ఆడే మెషీన్‌కి ఇదో లెక్కా!

వాస్తవం: గట్టి లెక్కే. గడులు 81, పావులు 40 అన్నది అలా ఉంచండి. షోగీలో చచ్చిన పావు పెట్టెలోకి పోదు, చంపినవాడి సైన్యంలో చేరుతుంది. తన వంతు వచ్చినప్పుడు దాన్ని దాదాపు ఏ ఖాళీ గడిలోనైనా దింపుకోవచ్చు. చెస్ ముదిరేకొద్దీ బల్ల ఖాళీ అవుతుంది, షోగీ ముదిరేకొద్దీ చిక్కుముడి పడుతుంది. 1983లో వచ్చిన నింటెండో కన్సోల్ ఫ్యామికామ్‌లో ఉన్న వర్కింగ్ మెమరీ 2 కిలోబైట్లు. పాపం, ఎంతని ఆలోచిస్తుంది? మొదట్లో ఓసారి అది ఆలోచిస్తుంటే హ్యాంగైందనుకుని రీసెట్ నొక్కేశాను. గెలిచే ఆట!

అపోహ: కన్సోల్ పాతదైతే ఆటా మొద్దుదే.

వాస్తవం: 1995లో ఫ్యామికామ్ తర్వాతి తరం కన్సోల్ సూపర్ ఫ్యామికామ్‌కి ‘హయాజాషి నిదాన్ మోరితా షోగీ 2’ వచ్చింది. కన్సోల్ ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్. క్యాసెట్‌లో సెటా కంపెనీ పెట్టిన ఎస్‌టీ018 చిప్పులో మాత్రం 21 మెగాహెర్ట్జ్ పైచిలుకు వేగంతో నడిచే 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ ఉంది. మన ఫోన్లలో ఉండేదీ ఆ వంశమే. చుట్టపుచూపుగా వచ్చినవాడు వంటమనిషిని వెంటబెట్టుకొచ్చినట్టు! ఇప్పటి ఫోన్ యాప్ ముందు ఇదీ నిలవదనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: జపనీస్ రాకపోతే ఆడలేం.

వాస్తవం: పావులు ఎనిమిది రకాలు, వాటి అక్షరాలు గుర్తుపడితే చాలు. అసలు ఇబ్బంది కళ్లకే. రెండు పక్షాల పావులూ ఒకే రంగు, మొన ఎటుంటే అటు నడుస్తాయి. అందుకే అవతలివాడి అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. పైగా ‘వెండి’ అనే పావు అక్షరంలో ఎడమ సగం ‘బంగారం’ అనే పావు అక్షరమే. ఆ చిన్న చిన్న చుక్కల బొమ్మలో నేను ఇప్పటికీ పొరబడుతుంటాను.

అపోహ: జపాన్ నుంచి తెప్పించి ప్లగ్ పెట్టేస్తే సరి.

వాస్తవం: అక్కడ కరెంటు 100 వోల్టులు, మనకు 230. నా మొదటి అడాప్టర్ హైదరాబాద్‌లో నిమిషం కూడా బతకలేదు, తప్పు నాదే. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోండి. ఫ్యామికామ్ క్యాసెట్‌కైతే ఇంకో దారి ఉంది. మన చిన్నప్పటి టీవీ వీడియో గేముల్లో చాలావాటికి ఉన్నదీ అదే 60 పిన్నుల స్లాటే. అటక మీద ఒకటుంటే దించి, దుమ్ము దులిపి చూడండి.